బొమ్మలో తెల్లటి భాగం

మా సార్‌కి ల్యాబ్‌లో అందరం పెట్టుకున్న పేరు 'ఫరవాలేదు'. కొంప మునుగుతున్నా ఆయన నోట వచ్చేది ఆ మాటే. ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం. ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

మాది లైడార్ ల్యాబ్. లేజర్ కిరణాన్ని ఆకాశంలోకి పంపుతాం. దుమ్ముకు తగిలి వెనక్కి వచ్చిన వెలుగును టెలిస్కోపు పట్టుకుంటుంది. ఏ ఎత్తులో ఎంత దుమ్ముందో, గాలిలో అలలు ఎలా కదులుతున్నాయో దాన్నిబట్టి రంగుల బొమ్మ గీస్తాం. చిక్కల్లా ఒక్కటే. కిరణం ఒక పక్క, టెలిస్కోపు ఒక పక్క ఉంటాయి కాబట్టి నేలకు దగ్గర్లో ఉన్నదేదీ టెలిస్కోపు కంట పడదు. బొమ్మలో ఆ అడుగు భాగాన్ని తెల్లగా వదిలేస్తాం.

మా ల్యాబ్‌కు దగ్గర్లోని కంకర క్రషర్‌ను పెద్దది చేయనివ్వాలో వద్దో తేల్చడానికి విచారణ పెట్టారు. దానికి సార్ ఇచ్చిన నివేదికలో ఆ తెలుపు పక్కన "దుమ్ము కనిపించలేదు" అని ఉంది. క్రషర్ పక్క కాలనీలోనే మా అక్క కాపురం. దాని కూతురు నాలుగు మెట్లెక్కితే చాలు, కూలబడి ఎగశ్వాస తీస్తుంది.

"కనిపించలేదన్నానే గానీ లేదనలేదుగా. ఫరవాలేదులేమ్మా," అన్నాడు సార్.

"చదివినవాళ్ళు లేదనే అనుకుంటారు సార్!"

ఆయన అప్పటికే ఫోన్‌లో పడిపోయాడు.

పళ్ళు నూరుకుంటూ ఆ సాయంత్రం యంత్రాన్ని కాలనీ వైపు వంచాను, కిరణం ఇళ్ళ కప్పుల పైనుంచి పోయేలా. అలా వంచితే యంత్రానికి కనిపించని ఆ దగ్గరి దూరమంతా ల్యాబ్ చుట్టూ ఉన్న మా ఖాళీ స్థలం మీదే అయిపోతుంది, కాలనీ దాని చూపులోకి వస్తుంది. తెర మీద కాలనీ నెత్తిన దుమ్ము దట్టంగా, పైకీ కిందికీ ఊగుతూ కనిపించింది.

పొద్దున్నే ఆ బొమ్మను కాగితం మీద తీసి చూపిస్తే సార్ మొహం వెలిగిపోయింది.

"అబ్బ, గాలి అల ఎంత బాగుందమ్మా! దుమ్ముండబట్టే ఇంత చక్కగా పడింది. జర్నల్‌కి పేపర్ రాసేద్దాం. అచ్చయ్యేదాకా ఎవరికీ చూపించకు."

"విచారణ ఇవాళే సార్."

"దానికి పాతది ఇచ్చాంగా."

ఆ కాగితం ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టకుండా దాన్ని పట్టుకుని విచారణ హాలుకు పోయాను. వెనక వరసలో మా అక్క, కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని వీపు రాస్తోంది. అధికారి పాత బొమ్మ ఎత్తి చూపించి, ముందు వరసలో ఉన్న సార్‌ని అడిగాడు.

"అడుగున తెల్లగా ఉందంటే గాలి శుభ్రంగా ఉన్నట్టేనా?"

సార్ గొంతు సవరించుకున్నాడు. "మా యంత్రానికైతే ఏమీ కనిపించలేదండి."

"దానికి అక్కడ చూపే లేదండీ!" అని అరిచాను. ఆ కోపంలోనే ముందుకెళ్ళి కొత్త బొమ్మను బల్ల మీద పెట్టాను. "కాలనీ వైపు వంచి చూస్తే కనిపించింది ఇది."

సార్ నా చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకున్నాను.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు అధికారి.

"ఆ యంత్రం నడిపేదాన్నండీ. వెనక ఎగశ్వాస వినబడుతోందే, ఆ పిల్లకి పిన్నిని."