కలగన్న మనిషి ఎవరు?

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ నోరు జారింది. తెల్లవారుజామున వచ్చిన కల చెప్పేసింది. కలలో ఆమె గడప దాటింది. చెప్పులు లోపలే ఉండిపోయాయి. వెనక్కి రాబుద్ధి కాలేదు.

పదకొండేళ్ళుగా ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. పక్క ఊళ్ళో తెరుస్తున్న కొత్త ల్యాబుకి ఇన్‌ఛార్జిగా వెళ్తావా అని అడిగారు. ఈ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. నువ్వెళ్తే ఇల్లేమవుతుందని వారం రోజులుగా ఇంట్లో ఒకటే పాట. ఇప్పుడు కల కూడా దొరికింది, ఇంకేం కావాలి!

అత్తగారు కళ్ళజోడు తగిలించుకుని, అట్టలూడిన ఖ్వాబ్‌నామా తెరిచింది. ఆ కలల పుస్తకం చూడందే ఆవిడ ఎవరినీ ప్రయాణం కట్టనివ్వదు.

"గడపంటే ఇల్లాలు. చెప్పులన్నా భార్యే. అవి వదిలేసి పోవడం కాపురానికి మంచిది కాదమ్మాయ్. ఎడమవైపు మూడుసార్లు ఉమ్మి, అల్లాని తలుచుకో."

కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే భర్త నవ్వాడు. "అవన్నీ పాతకాలం మాటలమ్మా. పడమటి వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. కలలో గది అంటే స్త్రీ. గడప దాటడమంటే లోపల అణిచిపెట్టుకున్న భయం." భార్య వైపు తిరిగాడు. "ఈ బాధ్యత వద్దని నీ మనసే చెప్తోంది. వద్దని రాసెయ్, గొడవ వదిలిపోతుంది."

టీలో చక్కెర ఎంత వెయ్యాలన్న దాని మీద కూడా కుదరని తల్లీకొడుకులకు ఈ విషయంలో మాత్రం చక్కగా కుదిరింది. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ పుస్తకాలు తను చదవనివా? ఆవిడకు చూపు ఆననప్పుడల్లా చదివి వినిపించింది తను. ఆయన పాఠాలకు నోట్సు రాసిచ్చింది తను. ఆ మాట ఎవరూ ఎక్కడా చెప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"అత్తమ్మ పుస్తకంలో చెప్పులు భార్య, గడప భార్య, దిండూ కూజా కూడా భార్యే. మీ పుస్తకంలో గదులన్నీ ఆడవే. ఇంట్లో సామానంతా నేనే అయితే, మరి కల కన్నదెవరండీ?"

"వాదించకు. చొక్కా ఇటివ్వు" అన్నాడు భర్త.

అత్తగారు మాత్రం పేజీలు వెనక్కి తిప్పి, పుస్తకం మొదట్లో ఒకచోట వేలు పెట్టి చదువుకుంది. కలగన్న మనిషెవరో, ఏం పని చేస్తారో అడక్కుండా అర్థం చెప్పకూడదని రాసి ఉంది అక్కడ. ఆవిడ ముఖం చిన్నబోయింది. తలెత్తి కోడలి వైపు చూసింది.

"ఇంతకీ ఆసుపత్రిలో నువ్వు చేసే పనేంటమ్మాయ్?"

పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"రక్తం చూసి రోగమేంటో చెప్తానత్తమ్మా. ఒకటో తారీఖు నుంచి కొత్త ల్యాబులో ఆ పని పదిమంది చేత చేయిస్తాను."