ఆరని చోటు

“ఆదివారం మేస్త్రీ వస్తాడు. వెనకాల ఆ బురదంతా సిమెంటు చేయించేస్తున్నా” అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా. కూరగాయలు కడిగిన నీళ్ళ గిన్నెతో ఆమె వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

వంటింటి వెనక ఆ చోటు ఏ కాలంలోనూ ఆరదు. కొత్తలో ముచ్చటపడి గులాబీలు పెడితే వేళ్ళు కుళ్ళిపోయాయి. నీ చేతిలో ఏదీ బతకదన్నాడాయన. తర్వాత చేమంతులూ పోయేసరికి నిజమే కాబోలనుకుంది. ఆమె పనిచేసే ఆఫీసులో మీటింగనగానే టీలు చెప్పమని అందరూ తనవైపే చూస్తే, మనకిదొక్కటే చేతనవును కాబోలని లేచి వెళ్ళేది కూడా. ఇసక పోసింది, కాలవ తీసింది, నేల మాత్రం మాట వినలేదు. ఓ రోజు నడుం పట్టుకుని కూలబడి, దీన్ని మార్చడమెందుకు, తడే కావాలనే మొక్కలుండవా అనుకుంది. తడి ఉండాలి గానీ నీళ్ళు నిలవకూడదని, చిల్లులు పొడిచిన పాత టార్పాలిన్ అడుగున పరిచి, ఆకుల ఎరువు కలిపిన మట్టి నింపి, మెట్టతామర దుంపలు నాటింది. అత్తగారు చూసి బురదరాణి అని పేరు పెట్టింది. ఇప్పుడక్కడ ఎరుపూ పసుపూ పోటీపడి పూస్తున్నాయి. పొద్దున్నే చెప్పులు విప్పి ఆ మెత్తటి మట్టిలో కాసేపు నిలబడడం, ఆ ఇంట్లో ఆమె ఎవరినీ అడక్కుండా చేసే ఒకే ఒక్క పని.

ఆదివారం మేస్త్రీ పార ఎత్తేలోపే ఆమె మొక్కలకి అడ్డంగా నిలబడింది. పువ్వుల జోలికి పోవద్దు, ఆ సిమెంటుతో ఈ పక్కన కూర్చోడానికి అరుగు కట్టమంది.

“నేను చెప్పింది వినబడలేదా?” అన్నాడు భర్త.

“ఇన్నేళ్ళుగా వినబడుతూనే ఉందండీ. ఇవాళ నేను చెప్తున్నా.”

మేస్త్రీ ఆయన వైపోసారి, ఆమె వైపోసారి చూసి టేపు తీశాడు. ఎంతమందికి కట్టాలమ్మా అన్నాడు.

“ఒక్కరికి.”

వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు వినబడింది. “ఇద్దరికి కట్టు నాయనా. ఈ ఇంట్లో నేనూ తీరిగ్గా కూర్చున్నది లేదు.”

“మరి నేనో?” అన్నాడు భర్త.

ఆమె నవ్వింది.

“లోపల కూరగాయలు కడగాలండీ. ఆ నీళ్ళు పారబొయ్యకుండా ఇటు పట్రండి, మొక్కలకి పోద్దాం.”