వై గడి

ప్రెస్సులో ఇంగ్లీషు అక్షరాల కేసు ముందు నుంచి నన్ను లేపాలని చూసినవాడు బి.ఏ. చదివినవాడు. పేరు జయరామ్. మా ప్రెస్సు యజమాని మునిరామయ్యకు చెల్లెలి కొడుకు. తిరుపతిలో చదువు ముగించి, ఉద్యోగం దొరికేదాకా మేనమామ ప్రెస్సు చూసుకుంటానని డెబ్బై తొమ్మిదిలో చిత్తూరుకు దిగాడు. దిగిన వారానికే నా మీద పడ్డాడు.

"మామా, ఈమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కాలేజీ వాళ్లు, సొసైటీ వాళ్లు ఇచ్చే పని తెచ్చి ఈమె చేతిలో పెట్టినావే! తిరుపతిలో నా స్నేహితుడు ఒకడుండాడు, ఇంటర్ పాసైనోడు. సోమవారం నుంచి వాణ్ణి పెట్టుకుందాం. ఈమె పెండ్లికార్డులు మడత పెట్టుకుంటాది."

నేను అక్కడే ఉన్నాను. గోడ ముందు మాట్లాడినట్టు మాట్లాడాడు మహానుభావుడు. అరికాలి మంట నెత్తికెక్కింది కానీ, నోరు మూసుకున్నాను. ఎందుకంటే మునిరామయ్య కాదనలేదు. "సూద్దాంలే" అన్నాడు. ఆయన సూద్దాంలే అంటే సగం ఒప్పుకున్నట్టే.

నాకు ఇంగ్లీషు రాదు, నిజమే. మూడో తరగతి తెలుగుతోనే నా బడి ఆగిపోయింది. కానీ మా నాయన ఓబయ్య ఆ కేసు ముందు ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఆ చోట నేను నిలబడ్డాను. కేసంటే గడులు గడులుగా చేసిన చెక్క పెట్టె. గడికొక సీసపు అక్షరం. రాతప్రతి చూస్తూ ఒక్కో అక్షరం ఏరి ఇనుప స్టిక్కులో పేర్చాలి. పన్నెండేళ్లుగా అదే పని. మాటకు అర్థం తెలియకపోయినా మనిషిని పోల్చినట్టు దాన్ని పోల్చగలను.

వాటిలో నన్ను ఏడిపించేది వై గడి. మద్రాసు నుంచి ఎప్పుడు టైపు తెప్పించినా వైలు చాలీచాలకుండా వస్తాయి. అందుకని ఏ మాట చివర వై ఉంటుందో, ఆ మాట ఏ పేజీలో ఉందో గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. అచ్చయిపోయిన పేజీలోంచి పీకి కొత్త పేజీలో పెట్టుకుంటేనే పని నడుస్తుంది. వైల కోసం నేను తిట్టుకున్నన్ని తిట్లు మా ఆయన్ను కూడా తిట్టి ఉండను.

శనివారం కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కృష్ణమూర్తి సార్ వచ్చాడు. వాళ్ల వార్షికోత్సవం పోటీల కాగితం మా దగ్గరే అచ్చవుతోంది. దాని ప్రూఫు జయరామ్ గట్టిగా చదివాడు. అందులో ఒక పోటీ: చివర వై వచ్చే ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు పది నిమిషాల్లో ఎన్ని రాయగలరు?

"ఇదేం పోటీ సార్! నేనైతే నిద్రలో రాసేస్తా" అని నవ్వాడు.

ఇక నా నోరు ఆగలేదు. "మేలుకోనే రాయి చూద్దాం. నేను టైపులో పేరుస్తా. ఎవురివి ఎక్కువో సార్ చెప్తాడు."

"నువ్వా? ఒక్కదానికైనా అర్థం తెలుసునా నీకు?"

"అర్థాలు నీకాడే పెట్టుకో నాయనా. మాటలు లెక్కేద్దాం." మునిరామయ్య వైపు తిరిగాను. "అన్నా, నీ ముందర చెప్తా ఉండాను. ఓడిపోతే సోమవారం నుంచి కార్డులు మడస్తా. గెలిస్తే ఈ కేసు జోలికి ఎవురూ రాకూడదు."

మునిరామయ్య తల గోక్కున్నాడు. నా మొహం చూశాడు, మేనల్లుడి మొహం చూశాడు. "సరే కానీండి" అన్నాడు.

సార్ గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. అచ్చుమిషను తొక్కే కుప్పయ్య కాలు తీసి వచ్చి నిలబడ్డాడు. జయరామ్ కుర్చీలో కూర్చుని పెన్ను తీశాడు. నేను నాయన నిలబడిన చోట నిలబడి స్టిక్కు పట్టుకున్నాను.

పాల సొసైటీ రిపోర్టులోంచి డెయిరీ, డైలీ వచ్చాయి. పార్సెలు ఆఫీసు బిల్లుల్లోంచి లారీ, హెవీ, ఎంప్టీ. రశీదుల్లోంచి ఫార్టీ, ఫిఫ్టీ, సిక్స్టీ. కాలేజీ కాగితాల్లోంచి స్టడీ, రిప్లై, అప్లై. పెండ్లికార్డుల్లోంచి హ్యాపీ. ఒకటి పేరిస్తే ఇంకోటి దాని వెనకే వచ్చి నిలబడుతోంది. స్టిక్కు నిండితే పళ్లెంలోకి దించడం, మళ్లీ మొదలుపెట్టడం. ఎనిమిదో నిమిషంలో వై గడిలో వేళ్లు పెడితే చెక్క తగిలింది. గడి ఖాళీ.

 అయినా చెయ్యి ఆగలేదు. అక్షరం అయిపోయినప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. దాని లావే ఉన్న ఇంకో అక్షరాన్ని ఆ చోట తలకిందులుగా పెడతాం. ప్రూఫులో అక్కడ జంట నల్లమచ్చలు పడతాయి. వై చోటల్లా అలాగే పెడుతూ పోయాను.

"టైమైంది" అన్నాడు సార్.

జయరామ్‌వి ముప్పై నాలుగు. కుప్పయ్య నా పళ్లెం మీద సిరా రాసి ప్రూఫు తీశాడు. నలభై మాటలు. చివరి తొమ్మిదింటికి వై బదులు నల్లమచ్చలు.

జయరామ్ ఎగిరి గంతేశాడు. "తొమ్మిదింటికి వై యాడ సార్? ఆమెవి ముప్పై ఒకటే! నేనే గెలిచినా!"

"ఒరే, ఆ మచ్చ పడిందంటే ఆడ అక్షరం రావాలని గుర్తురా. మా నాయన కాలం నుంచీ ఇదే పద్ధతి" అన్నాడు మునిరామయ్య.

"కావచ్చు. కానీ పోటీలో మాట పూర్తిగా కనిపించాలి కదా" అని సార్ నసిగాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపుకంటే కోపం ఎక్కువ వచ్చింది. "సార్, కుప్పయ్యకు అక్షరాలు పీకే చిమటా ఇప్పించండి. మామిడి రైతుల సొసైటీ రిపోర్టు అచ్చయిపోయి, టైపు విప్పకుండా ఆ పేజీలు పరిచే రాతిబల్ల మీదే ఉండాది. నేను ఈడనుంచి కదల్ను. కుప్పయ్యా, మూడో పేజీ, పైనుంచి ఆరో వరుస, చివరి మాట. వై ఉండాదా?"

కుప్పయ్య వంగి చూశాడు. "ఉండాది!"

"పీకు. దాని కింద రెండో వరుస, మొదటి మాట."

"ఉండాది!"

"నాలుగో పేజీ, కిందనుంచి మూడో వరుస, మధ్యలో."

"ఉండాదక్కా, ఉండాది!"

తొమ్మిదిసార్లు చెప్పాను. తొమ్మిదిసార్లూ ఉండాది అన్నాడు. మచ్చల చోట ఆ వైలు పెట్టి రెండో ప్రూఫు తీశాం. కృష్ణమూర్తి సార్ ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాడు. చదివేకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది.

"నలభై! అన్నీ సరైనవే. ఆరు మాటలు ఎక్కువ. ఓడిపోయావయ్యా జయరామ్" అన్నాడు.

కుప్పయ్య ఈల వేశాడు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుని గట్టిగా నవ్వాను. ఆ సంతోషం ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. నాయన బతికుంటే బాగుండేదనిపించింది.

మునిరామయ్య ఆ పళ్లెం మేనల్లుడి చేతిలో పెట్టాడు. "ఈ నలభై మాటలూ విప్పి, యాడి అక్షరం ఆడ వెయ్యి. ఇంగ్లీషు వచ్చినోడివి గదా."

కేసులో గడులు బడిలో నేర్చిన వరుసలో ఉండవు. ఎక్కువ వాడే అక్షరాలు చేతికి దగ్గర, తక్కువవి దూరం. జయరామ్ అరచేతిలో అక్షరాలు పట్టుకుని గడులన్నీ వెతికాడు. కాసేపు పైన చూశాడు, కాసేపు కింద చూశాడు. చెమట పట్టింది. వచ్చిన రోజు నుంచీ నన్ను ఏ పేరుతోనూ పిలవనివాడు, చివరికి నా వైపు తిరిగాడు.

"అక్కా... వై గడి యాడుండాది?"

పక్కకు జరగమని చేత్తో చూపించాను. జరిగాడు. నా చోట నేను నిలబడి, గడి మీద వేలు పెట్టాను.

"ఇదో, ఈడ. నలభయ్యీ లెక్కబెట్టి వెయ్యి నాయనా. సోమవారం నాకు పనుండాది."