ఎర్రయ్యకు ఇద్దరు బిడ్డలు

గున్నమ్మకు తెలిసినన్ని పేర్లు తాసీలు ఆఫీసు బీరువాలకు కూడా తెలియవని ఒడిశాలో గుడారి దగ్గరి ఆ ఊళ్లో ఒక మాట ఉంది. అది పొగడ్త కాదు, నిజమే. ఏటా కొత్తబియ్యం వండిన రోజున ఆ ఇంటి మగవాళ్లు అడ్డాకుల విస్తళ్లు పరిచి, పోయిన పెద్దలకు అన్నం పెడతారు. ఏ విస్తరి ఏ తాతదో వాళ్లకు తెలిస్తే ఒట్టు. గడప పక్కన కూర్చుని గున్నమ్మ ఒక పేరు పిలిస్తే, ఆ పేరు మీద ఒక ముద్ద పడుతుంది.

ఆ ఇంటి పేర్లు గుర్తుంచుకోవడం అంత తేలికేం కాదు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు కాబట్టి జోగయ్య కొడుకు ఎర్రయ్య, ఎర్రయ్య కొడుకు మళ్లీ జోగయ్య. విత్తనాల గంప నెత్తిన పెట్టుకుని పార్వతీపురం వైపు నుంచి నడిచొచ్చినవాడు మొదటి జోగయ్య. పొదలు కొట్టి మడులు చేసినవాడు అతని కొడుకు ఎర్రయ్య. ఊరి గెడ్డ వాగుకు అడ్డుకట్ట కడుతూ కాలి మీద రాయి పడేసుకున్నవాడు కుంటి జోగయ్య. అతని కొడుకు ఎర్రయ్యే గున్నమ్మ తండ్రి. ఇప్పుడున్న జోగయ్య ఆమె తమ్ముడు. ఇదంతా ఆమెకు నేర్పింది మేనత్త బుల్లమ్మ. మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆ మనిషి చోడిచేలో కలుపు తీస్తూ ఒక్కో పేరూ చెప్పేది, తప్పు పలికితే మట్టిగడ్డ విసిరేది.

గున్నమ్మదీ అదే రాత. పంతొమ్మిదేళ్లకే మొగుణ్ని పోగొట్టుకుని వచ్చింది. అప్పటికి తమ్ముడికి ఆరేళ్లు, తల్లి లేదు. వాడికి అంబలి పోసింది, బడికి తోలింది, పెళ్లి చేసింది. గెడ్డ ఒడ్డు మడి పెద్దదానిదే అని తండ్రి పోతూ నోటిమాటగా చెప్పాడు. నలభై ఏళ్లుగా దాన్ని ఆమే దున్నిస్తోంది, ఆమే నాటుతోంది. ఆ మడి పోతే ఇక ఆమెకు కాలు మోపే చోటు లేదు.

మొన్న ఎండాకాలంలో జోగయ్య వేడి పకోడీల పొట్లంతో వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. భూమి ఇంకా కుంటి తాత పేరు మీదే ఉందట, పట్టా మారాలంటే వంశావళి కాగితం కావాలట, తనకేమో ఏ జోగయ్య ఎవరో తెలిసి చావదట. ఫోనులో రికార్డింగు నొక్కి ముందు పెట్టాడు. గున్నమ్మ మురిసిపోయింది. ఇన్నాళ్లకు తను నేర్చినదానికీ ఒక అక్కర పడింది కదా అనుకుంది. రెండు సాయంత్రాలు కూర్చుని, కుంటి తాత చుట్ట కాల్చే తీరుతో సహా చెప్పింది. వెర్రిబాగుల మనిషి, పకోడీలు బాగున్నాయని కూడా అంది.

వరి కోతల వేళకు పంచాయతీ గోడ మీద నోటీసు అతికించారు. ఈ వంశావళి మీద అభ్యంతరాలున్నవాళ్లు ముప్పై రోజుల్లో చెప్పుకోవచ్చని ఒడియాలో రాసి ఉంది. గున్నమ్మకు చదువు రాదు. వార్డు మెంబరు కుంతి చదివి, ఇంటికొచ్చి చెప్పింది.

“ఇందులో నీ పేరు లేదత్తా. మీ అయ్యకి ఒక్కడే బిడ్డని ఉంది.”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. గున్నమ్మకు ముందు కోపం కూడా రాలేదు. నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్లింది.

జోగయ్య ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. ఎందుకిలా చేశావని అడిగితే, నీకు పిల్లా జెల్లా లేరు, ఆ మడి ఎటూ మా అబ్బాయి బిశ్వజిత్‌కే కదా, కాగితంలో పేరుంటే ఏమిటి లేకపోతే ఏమిటన్నాడు. ఏమీ కానప్పుడు ఉంచడానికి నీకేం రోగమని ఆమె అడిగింది. జోగయ్య అక్క ముందు ఫోను తీశాడు.

“నాను కల్పించింది కాదప్పా. నువ్వు సెప్పిందే రాయించేను. ఇను, ఆడపిల్ల పేరు ఒక్కటన్నా సెప్పేవేటి?”

ఫోనులోంచి ఆమె గొంతే వినిపించింది. ఎర్రయ్య కొడుకు జోగయ్య, అంటోంది హాయిగా. విస్తళ్ల ముందు పిలిచేది మగవాళ్ల పేర్లే, ఆడవాళ్లకు విస్తరి లేదు. బుల్లమ్మ నేర్పిన వరసలో బుల్లమ్మే లేదు. ఆ సంగతి జోగయ్యకు తెలుసు, తెలిసే చెప్పించుకున్నాడు. గున్నమ్మకు ఒళ్లు మండింది, అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది. తన చేతి అంబలి తాగి పెరిగినవాడు తన గొంతునే పట్టుకుపోయి తన మీద సాక్ష్యానికి నిలబెట్టాడు.

కుంతి అర్జీ రాసిపెట్టింది. వారం తిరిగేసరికి విచారణకు అక్కాతమ్ముళ్లిద్దర్నీ ఆఫీసుకు పిలిచారు. గున్నమ్మకు తోడుగా కుంతి వచ్చింది. అక్కడ కాగితాలు చూసే సుజన జయపురం తెలుగువాళ్ల అమ్మాయి, తెలుగులో అడిగి ఒడియాలో రాసుకుంటుంది. మీ వంశం మీ నోటితోనే మొదటి నుంచి చెప్పమని గున్నమ్మనడిగింది.

గున్నమ్మ కళ్లు మూసుకుంది. గంప జోగయ్య, పొదలు కొట్టిన ఎర్రయ్య, కుంటి జోగయ్య, ఒకరి వెనక ఒకరు తడుముకోకుండా వచ్చారు. “మా అయ్య ఎర్రయ్య. ఎర్రయ్య కొడుకు జోగయ్య. జోగయ్య కొడుకు బిశ్వజిత్.”

సుజన రాయడం ఆపి తలెత్తింది.

“మరి మీరెక్కడమ్మా?”

బల్ల మీద కూర్చున్న జోగయ్య తన చెప్పుల వైపు చూస్తున్నాడు. దారి పొడుగునా గున్నమ్మ తన పేరు చెప్పాలనే వల్లె వేసుకుంటూ వచ్చింది. తమ్ముడు ద్రోహం చేశాడు సరే, చివరికి తన నాలుక కూడా వాడి పక్షమే చేరింది.

“కొట్టెయ్యమ్మా. మళ్లీ సెప్తాను.”

ఈసారి కళ్లు తెరుచుకునే చెప్పింది. గంప మోసుకొచ్చిన జోగయ్య పెళ్లాం పేరేమిటో ఆమెకు తెలియదు. ఎర్రయ్య పెళ్లాం పేరూ తెలియదు. పెళ్లాలున్నారనీ, పేర్లు తెలియవనీ రాయమంది. కుంటి జోగయ్య దగ్గరికొచ్చి ఆగింది.

“ఈయనకి ఇద్దరు బిడ్డలు. పెద్దది బుల్లమ్మ. రాసేవా అమ్మా? తరవాత ఎర్రయ్య. ఎర్రయ్యకి ఇద్దరు. పెద్దది గున్నమ్మ.”

సుజన అంతా రాసుకుని వేలిముద్ర వేయించుకుంది. పాత కాగితం చెల్లదని, కొత్తది తయారవుతుందని ఇద్దరికీ చెప్పింది.

గేటు దాకా జోగయ్య వెనకే వచ్చాడు. తప్పయిందని అంటాడేమోనని గున్నమ్మ ఒక్క క్షణం ఆశపడింది కూడా.

“లచ్చివారం కొత్తబియ్యం వొండుతాం అప్పా” అన్నాడు. “పేర్లు పిలవడానికి వస్తావు కదా?”

ఆమె వాడి చొక్కా జేబు వైపు చూసింది.

“నాను నీ ఫోనులో ఉన్నాను కదరా. ఇస్తరి ముందర దాన్నెట్టుకో.”

ఆటో ఆగింది. గున్నమ్మ ఎక్కి కుంతి పక్కన కూర్చుంది.