కుంట కోసం ఒక సంతకం

భూలక్ష్మి ఫిల్మ్‌నగర్‌లో ఆ ఇంటి ముందుకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. షేక్‌పేటలో బస్సు దిగి గుట్ట రోడ్డంతా నడిచింది. పరిగి దగ్గర ఆమె కౌలుకు చేసే చెలక అచ్యుతరామయ్యగారిది. ఒకప్పుడు సినిమాలు పంపిణీ చేసినాయన. వాచ్‌మన్ లోపలికి ఫోను చేసి అడిగాక గాని గేటు తీయలేదు.

రెండు నెలల కిందటి పెద్ద వానకు పత్తి మొలకలతో సహా మట్టి వాగులోకి కొట్టుకుపోయింది. ఆమె, భర్త రాళ్ళు మోసి కట్టలు వేసి మళ్ళీ విత్తారు. ఏటవాలు నేలలో నీటికుంట తవ్వుకోవడానికి ప్రభుత్వం సాయం చేస్తుందని మండలం ఆఫీసులో చెప్పారు. కాని దానికి పట్టాదారు సంతకం కావాలన్నారు.

“జర దస్తకత్ పెట్టుండ్రి సారూ. గింకో పెద్ద వానొస్తే రాళ్లే మిగుల్తయి.”

అచ్యుతరామయ్య ఆమెను కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించాడు. “నీ చేత దరఖాస్తు పెట్టించడమెందుకమ్మా? నా పేరునే పెట్టేశాను. కుంట వచ్చేస్తుంది.”

ఆమె మొహం విప్పారింది. “సల్లగుండుండ్రి సారూ! పత్తి దక్కుతది.”

“అసలు సంగతి కూడా చెప్పండి,” అంటూ ఆయన భార్య శ్యామలాదేవి లోపలినుంచి వచ్చింది. “కుంట పక్కన మా అబ్బాయి షూటింగులకిచ్చే బంగళా కడుతున్నాడమ్మా. వచ్చే ఏడు కౌలుండదు.”

భూలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. “మరి మేమేడికి పోవాలె?”

“అక్కడే తోటపని చేసుకుందురుగాని. మిమ్మల్ని వదిలేస్తామా ఏంటి?” అన్నాడు అచ్యుతరామయ్య.

అంతలో ఆయన ఫోను మోగింది. జిల్లా వ్యవసాయ కార్యాలయం నుంచి ఒక ఆఫీసరమ్మ. కుంట దరఖాస్తులో కౌలుదారు పేరు లేదు, కాని ఆ చెలకలో ఒకరు ఉన్నట్టు తెలిసింది, నిజమేనా అని అడిగింది.

“కౌలుదారు ఎవరూ లేరండీ. కూలికి చేసే మనిషి ఇక్కడే ఉంది, మీరే అడగండి.” ఆయన ఫోనును అరచేత్తో మూసి గొంతు తగ్గించాడు. “కూలిదాన్నని చెప్పు. కాదన్నావో, ఇప్పుడున్న పత్తి కూడా తియ్యనివ్వను.”

ఫోను ఆమె చేతికొచ్చింది. ఇంటి దగ్గర భర్త నడుం నొప్పితో మంచం పట్టి ఉన్నాడు. చేను మోకాలెత్తు పెరిగింది. ఆ పంట పోతే విత్తనాల షాపువాడికి ఏం చెప్పాలో, పిల్లలకేం పెట్టాలో ఆమెకు తోచలేదు. కూలిదాన్నంటే మాత్రం, ఇన్నేళ్ళూ ఆ నేల దున్నింది తాను కాదని తన నోటితోనే ఒప్పుకున్నట్టు.

“అమ్మా, వినపడుతున్నదా? మీరు గాడ కూలికి చేస్తున్నరా?”

అచ్యుతరామయ్య తల ఊపుతున్నాడు, చెప్పమన్నట్టు.

“కాదు మేడం,” అంది భూలక్ష్మి. “కౌలుకు చేస్తున్న. ఇత్తనం నాది, ఎరువు నాది. కొట్టుకపోయినకాడ రాళ్లు మోసి కట్టేసింది నేను, మా ఆయన.”

“ఇటివ్వు!” అచ్యుతరామయ్య చేయి చాచాడు.

ఆమె లేచి రెండడుగులు వెనక్కి జరిగి, ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

“మీ పేరు చెప్పండమ్మా, రాసుకుంట,” అంది ఫోనులో ఆఫీసరమ్మ.