ప్లిమత్ సీటు

తిరుమలగిరిల రామచంద్రయ్య ప్లిమత్ కారంటే తెల్వనోళ్లు లేరు. జర్మనీ లడాయి అయిపోయినంక అమెరికాల తయారైన బండి. దొరల ఇంట్ల డ్రైవరుగ చేసిన రామచంద్రయ్య, వాళ్లు పట్నం పోతుంటే ఉన్న చెలక భూమి అమ్మి మరీ దాన్ని కొనుక్కున్నడు. ఆదివారం ఆదివారం ఇంజను చాలు చేసి, ఊరు చుట్టూ ఒక్క తిరుగుడు తిప్పి, మళ్ల షెడ్డుల పెట్టి దుప్పటి కప్పుతడు. ఆయన పెండ్లాం గుర్వమ్మకు మాత్రం ఆ బండిని చూస్తే కడుపుల మండుతది.

ఒకనాడు హైదరాబాదు నుంచి శివకుమార్ అనే ఆయన బండి చూడనీకి వచ్చిండు. పాత కార్లంటే పానమిచ్చే మనిషి. వెనక రెక్కల మీద చెయ్యేసి, "ఆ రోజులే వేరు సార్! ఇంత గట్టి రేకు ఇప్పుడేడుంది?" అని మురిసిపోయిండు.

రామచంద్రయ్య మీసం దువ్వుకుంట తలుపు తీసిండు. "సీటు చూడు సారూ. అప్పటిదే. ఒక్క మరక లేదు."

చాయ్ తెచ్చిన గుర్వమ్మ అక్కడ్నే ఆగింది. "ఎందుకు లేదో గూడ చెప్పు," అన్నది.

"నువ్వు లోపటికి నడువు."

"నేను చెప్త సారూ. కరోనా వచ్చిన ఏడు మా బిడ్డ కౌసల్యకు నొప్పులొచ్చినయి. ఆటోలు బంద్. ఈ బండి తియ్యమని ఈయన కాళ్లు మొక్కిన. ఉమ్మనీరు పడితే సీటు ఖరాబైతదన్నడు. ట్రాక్టర్ల ఏస్కపోయినం. సూర్యాపేట దవాఖానకు పోయేటాల్లకు కడుపుల పిల్ల సచ్చిపోయింది."

శివకుమార్ నేల చూసిండు. చాయ్ తాగిండు. తర్వాత మెల్లగ, "అమ్మేదుంటే నాకే చెప్పున్రి సార్," అన్నడు.

గుర్వమ్మ గిర్రున తిరిగింది. బర్ల కొట్టం కాడికి పోయి పెండనీళ్ల బకెట్ తెచ్చి, సీటు మీద గుమ్మరించింది.

రామచంద్రయ్య చెయ్యి లేపిండు. "కొట్టు," అన్నదామె కదలకుండ. ఆయన కొట్టలే. భుజం మీది తువ్వాలతోని సీటు తుడుసుకుంట బొరబొర ఏడ్చిండు. పసిగుడ్డును బొందపెట్టిన నాడు ఆ కండ్లల్ల చుక్క రాలే. గుర్వమ్మ ఆయన మొకాన ఉమ్మేసి, కట్టుబట్టలతోని జనగామల ఉన్న బిడ్డ కాడికి బస్సెక్కింది.

కౌసల్య గ్రిల్లు తలుపు తీయకుండనే, "ఎందుకొచ్చినవ్?" అన్నది.

"మీ నాయిన సీటు మీద పెండ పోసిన బిడ్డా."

"గా పొద్దు ఎందుకు పొయ్యలే? ఆయన వద్దనంగనే ట్రాక్టరు పిలిపిస్తివి గదనే."

గుర్వమ్మ గ్రిల్లు కమ్మి పట్టుకున్నది. కౌసల్య గ్రిల్లు సందులకెల్లి నీళ్ల గిలాస ఇచ్చి, తాగినంక తీసుకున్నది.

"ఇంకా బస్సులుంటయి. పో," అని లోపటి తలుపు గూడ ఏసుకున్నది.

గుర్వమ్మ బస్టాండు దిక్కు పోలే. కొంగు నెత్తిన కప్పుకొని మెట్ల మీద కూసున్నది. లోపట కుక్కరు కూత పెడుతాంది.