గడప సున్నాకి తిప్పిన రోజు

సాయంత్రం నాలుగింటికి కొరియర్ ఆఫీసులో ఆఖరి పార్సిల్ మీద ముద్ర గుద్దేసి, వేళ్ళకంటిన ఊదా సిరా ఆరకముందే ఆ పిల్ల రేడియో మాస్టారి షాపులో ఉండేది. వీధిలో అందరికీ ఆమె ముద్రలమ్మాయే. పెట్టిన పేరొకటి లేకపోలేదు గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పని చెయ్యదు.

ఆ బుధవారం ఆమె వచ్చేసరికి పక్కషాపు టైలరక్క గుమ్మంలో చేతులు కట్టుకుని కాపు కాస్తోంది.

"ఏం పిల్లా, నా కత్తెర చప్పుడు పట్టుకెళ్ళి మూడు రోజులైంది. తిరిగిచ్చే ఉద్దేశం ఉందా?"

"రేపిచ్చేస్తానక్కా. నా బీట్‌లో హై-హ్యాట్‌కి దాన్ని మించింది దొరకట్లేదు."

"నీ హ్యాట్ సంగతేమో గానీ, చప్పుడు లేకపోతే గుడ్డ ఎక్కడిదాకా తెగిందో తెలిసి చావట్లేదు నాకు. నిన్న ఒకాయన చొక్కాకి కాలరే మిగల్లేదు. కొత్త ఫ్యాషనని చెప్పి పంపించాను. పాపం, నమ్మాడు."

ముద్రలమ్మాయి నవ్వాపుకుంటూ లోపలికెళ్ళి, బల్లమీది పెట్టెలో మూడో మీట చెరిపేసింది. పక్కషాపులో కత్తెర కరక్కుమంది. "ఆఁ, ఇదీ!" అని టైలరక్క గొంతు గోడ దాటి వినిపించింది.

ఆ పెట్టెని శాంప్లర్ అంటారు. పదహారు రబ్బరు మీటలు, అగ్గిపెట్టంత తెర, నాలుగు తిప్పుడు బొత్తాలు. మైకుతో ఏ శబ్దాన్నైనా అందులోకి పట్టి, ముక్కలు కోసి, మీటల మీద పెట్టుకుని వేళ్ళతో వాయించుకోవచ్చు. హిప్‌హాప్ బీట్లు అలాగే పుడతాయి. పట్టిన శబ్దం పెట్టెలో ఉన్నంతకాలం దాని సొంతదారు దగ్గర ఉండదు; చెరిపేస్తే ఇంటికెళ్ళిపోతుంది. అందుకని వీధిలో ఎవరి తలుపు కిర్రుమనకపోయినా, ఎవరి మోపెడ్ మూగబోయినా, నేరుగా మాస్టారి షాపుకే వచ్చి అడిగేవాళ్ళు.

ఆయనకీ ఆమెకీ పరిచయమైంది కూడా చప్పుడు వల్లే. ఏడాది క్రితం విడిభాగాల పార్సిల్ కోసం కొరియర్ ఆఫీసుకొచ్చిన మాస్టారు, పార్సిల్ చేతికొచ్చాక కూడా కౌంటర్ దగ్గరే నిలబడిపోయాడు. లోపల సూపర్‌వైజరు ఎప్పట్లాగే అరుస్తున్నాడు, "ముద్ర వేస్తున్నావా, మద్దెల వాయిస్తున్నావా?" అని. మాస్టారు కిటికీలోంచి తల దూర్చి, "అమ్మాయ్, నీ చెయ్యి గడియారం కంటే రవ్వంత ఆలస్యంగా పడుతోంది. ప్రతిసారీ సరిగ్గా అంతే ఆలస్యం. అది తప్పు కాదు, నడక. సాయంత్రం షాపుకి రా" అన్నాడు. అప్పటిదాకా ఆమె చేతుల గురించి అందరూ చెప్పింది ఒకటే: ఆపు. రమ్మన్న మొదటి మనిషి ఆయన.

ఫీజేంటని అడిగితే, "రోజుకి పది తప్పులు పట్టుకురా. కొత్తవి. నిన్నటివి చెల్లవు" అన్నాడు.

ఆమె నిజాయితీగా పదీ తెచ్చేది. డ్రమ్ దెబ్బల్లో కడుపుకి తగిలేది కిక్, వీపు మీద చరిచేది స్నేర్, పళ్ళ సందున చ్చ్ చ్చ్ మనేది హై-హ్యాట్ అని నేర్చుకుంది. చేతి తడబాటుని కొలబద్ద పెట్టి సరిచేసే బటన్ ఒకటుంటుంది ఆ పెట్టెలో. మాస్టారు దానిమీద గాయానికి వేసే ప్లాస్టర్ అంటించేశాడు. "అది నొక్కితే నువ్వు కొట్టావో, నేను కొట్టానో, గోడ కొట్టిందో తెలీదు" అనేవాడు. రికార్డింగ్ ఎక్కణ్ణించి మొదలవాలో చెప్పే బొత్తానికి ఆయన పెట్టిన పేరు గడప. శబ్దం ఆ గడప దాటితేనే పెట్టె మేలుకుంటుంది. దాటనంతసేపూ నిద్రపోతుంది.

ఆ బుధవారం మాస్టారు బల్ల మీద ఒక రేడియోని పూర్తిగా విప్పేసి, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాడు.

"ఏమైంది మాస్టారూ?"

"ఈ సెట్‌లో ఏ లోపమూ లేదమ్మా. మూడుసార్లు విప్పాను. ఈల వస్తోందని విప్పాను. ఈల దీంట్లో లేదు."

ఈల ఆయన చెవిలో ఉంది. కుర్రతనంలో సభలకి మైక్‌సెట్లు కట్టి, పెద్ద స్పీకర్ల పక్కనే నిలబడి నిలబడి తెచ్చుకున్నది. పదకొండేళ్ళుగా ఒక్క క్షణం ఆగలేదు. డాక్టరు అలవాటు చేసుకోమన్నాడు. మాస్టారు అలవాటు చేసుకున్నాడు గానీ ఈల ఊరుకోలేదు, ఈ ఏడాది మరీ లావెక్కింది. నిద్ర గంటకో ముక్కగా తెగిపోయింది. ఇప్పుడది పాడైన రేడియో వేసే ఈల శ్రుతికే చేరింది. ఏది బాగుందో ఏది చెడిందో చెవితో తేల్చుకోలేని మెకానిక్ ఇంకేం మెకానిక్?

"శనివారం మా తమ్ముడొస్తాడు తాళాలకి. షాపు వాడికిచ్చేస్తున్నాను. ఫోన్ కవర్లు అమ్ముకుంటాట్ట" అన్నాడు నేల చూస్తూ. "పెట్టె నువ్వు తీసుకుపో. నేర్పాల్సింది ఇంకా చాలా ఉంది, కానీ వినపడనివాడు ఏం నేర్పుతాడు?"

ముద్రలమ్మాయికి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "పెట్టె తీసుకుపోతే తప్పులు ఎవరికి తెచ్చివ్వాలి? ఆ ఈలనే పట్టేద్దాం."

"పదిసార్లు పట్టి చూశాను. అది గడప దాకా రాదమ్మా. పెట్టె మేలుకోదు."

"గడప సున్నాకి తిప్పేస్తే?"

"గడప లేని ఇంట్లోకి అందరూ వస్తారు. వీధి వీధంతా లోపలికొచ్చి పడుతుంది. నా ఈల ఆ సంతలో ఎక్కడని వెతుకుతావు?"

ఆమె పెట్టె వంక చూసింది. పదహారు మీటలు. ఈలకి ఒకటి పోతే పదిహేను.

"అయితే ముందు వీధిని ఖాళీ చేద్దాం" అంది.

శుక్రవారం ఆఫీసుకి రెండు రోజుల సెలవు చెప్పి, పెట్టె చంకన పెట్టుకుని, మైకు పట్టుకుని గడపగడపా ఎక్కింది. సంగతి చెబితే ఎవరూ కాదనలేదు. ఆ వీధిలో మాస్టారు బాగుచెయ్యని రేడియో గానీ ఫ్యాను గానీ లేదు మరి. టైలరక్క కుట్టుమిషన్ మోత ఇచ్చింది, అడక్కుండానే కత్తెర కూడా ఇచ్చింది. "ఈ పూటకి గుడ్డ ముట్టుకోనులే, కాలర్లు బతుకుతాయి." వెల్డింగు షాపువాళ్ళు చిటపటలిచ్చారు. టీ కొట్టాయన స్టవ్ బుసబుసతో పాటు గ్లాసుల గలగల కలిపి ఒకే మీటలో సర్దించుకున్నాడు. మేడమీది బాలింత, పాపాయి ఏడుపుని సంతోషంగా పట్టించి, "తొందరేం లేదమ్మా, నిదానంగా ఇవ్వండి" అంది. కాకులు, కుక్కలు, మోటారు పంపు, గోడ గడియారం. వీధి మలుపులో నిలబడి మొత్తం కూడలిని, దాని హారన్లతో సహా ఒకే పట్టున పట్టింది. పదిహేనో మీటకి మాస్టారి ఊపిరినీ తన ఊపిరినీ కలిపి పట్టింది. మిగతా మనుషులు నోళ్ళ మీద వేళ్ళు పెట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు.

ఎండలో వీధి అంతా కదులుతోంది. చక్రాలు తిరుగుతున్నాయి, పాపాయి నోరు తెరిచి మూస్తోంది. ఎక్కడా చప్పుడు లేదు.

మాస్టారి కుడిచెవికి మైకు ఆనించి, ఆమె గడపని సున్నాకి తిప్పింది.

తెర మీద ముందేమీ లేదు. తర్వాత వెంట్రుక మందాన ఒక గీత. అది వణికింది, చిక్కబడింది, సన్నటి జరీ పోగులా లోపలికి సాగుతూ సాగుతూ వచ్చింది. మాస్టారి భుజాలు దిగాయి. ముఖం మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. ఆయన కళ్ళు పెద్దవి చేసి, లేని శబ్దాన్ని వింటున్నాడు. అది చూసేసరికి ముద్రలమ్మాయి ఉండబట్టలేకపోయింది.

"వచ్చింది!" అని అరిచేసింది.

అరుపు ఎవరికీ వినపడలేదు. అది కూడా లోపలికెళ్ళిపోయింది. రికార్డింగ్ ఆపి, "అయ్యో" అంటే పెదవులు కదిలాయి, అంతే. ఆ రోజుకి పదకొండో తప్పు అది, గొంతు పోయేంత తప్పు.

టైలరక్క గుమ్మంలోంచి ఏంటేంటని చేతులు ఊపుతోంది. మాస్టారు ఈ లోకంలో లేడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇక కత్తి పట్టాల్సింది ఆమె ఒక్కతే. శబ్దాన్ని కొయ్యడం కూడా ఆయన నేర్పిందే: తెర మీద అల నడిమి గీతని దాటే చోట కొయ్యి, లేకపోతే టిక్కుమంటుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పట్టినదాన్ని మొదటినుంచి వింది.

సూదిలాంటి ఈల. ఎక్కడా తెగదు, ఊపిరి తీసుకోదు. పది లెక్కపెట్టేలోపు ఆమెకి హెడ్‌ఫోన్స్ పీకి విసిరేయాలనిపించింది. ఈయన పదకొండేళ్ళు దీన్ని మోస్తూ, దీని వెనకనుంచి చెవి రిక్కించి, తన చేతిలో రవ్వంత ఆలస్యాన్ని విన్నాడు. సూపర్‌వైజరు రెండు మంచి చెవులతో విననిదాన్ని.

తెరని పెద్దది చేసి చూసింది. ఈల తోక ఆమె అరుపు మొదటి అక్షరం కిందికి దూరిపోయి ఉంది. కోసిన ముక్క ఎవరిది వాళ్ళకి వెళ్ళిపోతుంది. 'వ'కి ముందు కోస్తే ఆమె గొంతు ఆమెకి పూర్తిగా వచ్చేస్తుంది, కానీ తోక మాస్టారి చెవికి పోతుంది. తోక మిగిలిందంటే మళ్ళీ మొలుస్తుంది. వెనకటికి ఒక తలుపు కిర్రుకి తోక వదిలేస్తే, వారం తిరక్కుండానే తలుపంతా కిర్రుమంది. 'వ'కి తర్వాత కోస్తే ఈల మొత్తం పెట్టెలోనే ఉంటుంది. 'వ' కూడా.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. పదహారు మీటలు చేతిలో పెట్టిన మనిషికి ఒక అక్షరం ఏపాటి? అల గీతని దాటే చోటు చూసుకుని, 'వ'కి తర్వాత కోసింది. టిక్కుమనలేదు.

తర్వాత పదిహేను మీటలూ వరసగా చెరిపేసింది. వీధి భళ్ళున తిరిగొచ్చింది: హారన్లు, కాకులు, వెల్డింగు, పాపాయి ఏడుపు, దాని వెంటే మేడమీంచి "అప్పుడే ఇచ్చేశారా!" అన్న నిట్టూర్పు.

"మాస్టారూ, ఇనిపిస్తోందా?"

"అన్నీ" అన్నాడు మాస్టారు మెల్లగా. "గడియారం ముల్లు కూడా." అంతలోనే తల పక్కకి వంచాడు. "అమ్మాయ్, నీ 'వ' ఏది?"

"పెట్టెలో ఉండిపోయింది."

"తీసేసుకో. నాకు ఇంత చాలు. ఈ కాసేపు చాలు."

"ఉండనీండి మాస్టారూ. నాకింకా యాభై అక్షరాలున్నాయి, అన్నీ మీ మీద పడి అరిచేందుకే."

ఆయన ఆమె ఊదా వేళ్ళ మీద చెయ్యేశాడు.

శనివారం పొద్దున్న ఆమె ఆ ఈలతో ఆడుతూ శ్రుతి కిందికి తిప్పింది. ఒక మెట్టు, రెండు, ఐదు. సూది మొద్దుబారింది, గుండ్రబడింది, చివరికి బల్లకిందనుంచి అరికాళ్ళలోకి ఎక్కే బేస్ అయింది. దాని చివర ఆమె 'వ' పెదవులు కలిపినంత మెత్తగా మూసుకుంటోంది. కిక్ కింద దాన్ని పరిచి, నడకకి రవ్వంత వెనకగా వదిలింది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, అరచెయ్యి స్పీకర్ మీద పెట్టి విన్నాడు. "తిట్టాను దీన్ని ఇన్నాళ్ళూ" అన్నాడు. ఇంకేదో అనబోయి, ఆ మాట మధ్యలోనే నిద్రపోయాడు.

ఆమె స్పీకర్ ఆపి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

పదింటికి తమ్ముడొచ్చాడు, చేతిలో గోడలు కొలిచే టేపుతో. "అన్నయ్యా!" అని పిలవబోతే ముద్రలమ్మాయి లేచి అడ్డం నిలబడింది.

"లేపొద్దు సార్."

"తాళాలిస్తానన్నాడు ఇవాళ."

"ఇయ్యరు."

"ఏంటీ?"

"షాపు ఇయ్యరు సార్. ఈల పోయింది."

తమ్ముడు అన్న ముఖంలోకి చూశాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, చెయ్యి ఇంకా స్పీకర్ మీదే ఉండి, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడు. అతనికి అన్న ఇలా పడుకోగా చూసి ఎన్నాళ్ళైందో గుర్తు రాలేదు.

"ఎప్పుడు లేస్తాడు?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"పదకొండేళ్ళ నిద్ర సార్. టైం పడుతుంది."

అతను టేపు జేబులో పెట్టేసుకుని, చప్పుడు కాకుండా బయటికెళ్ళాడు. ఎండ సూటిగా అన్న కళ్ళమీద పడుతోందని చూసి, వంగి, షట్టర్‌ని అంగుళం అంగుళంగా సగానికి దించాడు.